రాజేశ్వర్ చేతుల్లో సత్తవ్వ కోళ్లు

ఆటో ఇంకా సందు మలుపు తిరగలేదు, వాసన ముందే వచ్చి గేటు దగ్గర నిలబడింది. తడిసిన ఈకల వాసన, పులిసిన తవుడు వాసన, ఆ రెంటి కింద ఇంకేదో వెచ్చగా, తీయగా కుళ్లుతున్న వాసన. రాజేశ్వర్ భుజం మీది తువ్వాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. తువ్వాలు నిండా పసుపు. పొద్దున్నుంచి పసుపు కొమ్ముల పాలిష్ డ్రమ్ము దగ్గర చెమట తుడుచుకున్న తువ్వాలు అది. ఘాటుగా, మట్టిగా, పరిశుభ్రంగా ఉన్న ఆ వాసనలో అతను కాసేపు తల దాచుకున్నాడు.

ఆటో ఆగింది. వెనక సీట్లో అతని అత్త సత్తవ్వ. ఒళ్లో బట్టల సంచి, కాళ్ల మధ్య పాత చీరతో మూతి కట్టిన గంప. చీర అక్కడక్కడ తడిసి, ఆకుపచ్చగా, తెల్లగా అట్టలు కట్టింది. లోపల ఏదో కదిలినప్పుడల్లా చీర ఉబ్బి తగ్గుతోంది, జ్వరంలో ఉన్నవాడి పొట్టలా.

“దించు బిడ్డ, జర పైలం. దొంకేశ్వర్ కెల్లి ఊపిరాడక సస్తున్నయి,” అంది సత్తవ్వ.

రాజేశ్వర్ వేళ్ల కొసలతో గంప ఎత్తాడు. అడుగు నుంచి వెచ్చటిదేదో కారి అతని పాదం మీద పడింది. బొటనవేలికీ పక్క వేలికీ మధ్యలో చేరి అక్కడే ఆగింది. అతను ఆ కాలిని నేల మీద ఆనించలేదు. మడమ మీద కుంటుకుంటూ లోపలికి నడిచాడు.

పక్కింటి గోడ మీంచి నడిపయ్య చూస్తున్నాడు. బస్సు కండక్టరుగా పనిచేసి దిగిపోయిన మనిషి, తెల్ల బట్టలు తప్ప తొడగడు.

“ఏం రాజన్న, ఒళ్లంత పసుపుతోని పెండ్లి పిలగాని లెక్కున్నవు. కోళ్లతోని లగ్గమా?”

“నువ్వు జర లోపటికి పో కాక,” అన్నాడు రాజేశ్వర్ తువ్వాల్లోంచి.

సత్తవ్వ పోయిన నెల దొంకేశ్వర్‌లో, తన పెరట్లో, కోళ్లకు నూకలు చల్లుతూ జారి పడింది. ఎముక విరగలేదు గానీ తుంటి దగ్గర ఏదో మెలిపడింది. పొద్దున పడ్డ మనిషి, సాయంత్రం పాలు పోసే ఆమె వచ్చేదాకా అక్కడే పడి ఉంది. కోళ్లు ఆమె చుట్టూ తిరుగుతూ, కొంగులో మిగిలిన నూకలు ఏరుకు తిన్నాయి. ఆ సంగతి తెలిసిన రోజే కూతురు జ్యోతిలక్ష్మి తల్లిని ఆర్మూరు రమ్మంది. సత్తవ్వ రానంది. బతిమాలగా బతిమాలగా ఒక షరతు మీద దిగివచ్చింది.

“కోళ్లు నాతోని వస్తయి. గవి ఆడ మసులుకుంటె నేను గూడ మసులుకుంట. అమాస దాక చూస్త. గవి గూట్ల పండకపోతె గంప వట్టుకొని బస్సెక్కుత. మల్ల నన్ను ఆపద్దు.”

జ్యోతిలక్ష్మి ఫోను చేత్తో మూసి మొగుడి వైపు చూసింది. “కోళ్లంటె నీకు పడదు గద. ఏం జెప్పాలె?”

“రమ్మను,” అన్నాడు రాజేశ్వర్.

గంపను తిన్నగా వంటింట్లోకి తెమ్మంది సత్తవ్వ. ఆమె ఇంట్లో కొత్తగా వచ్చిన కోడినైనా, మేకపిల్లనైనా నేల మీద వదిలే ముందు పొయ్యి చుట్టూ మూడు మాట్లు తిప్పుతారు. అప్పుడే దానికి ఈ ఇంటి మంట ఏదో తెలుస్తుందట, పాత ఇంటికి మళ్లదట. కానీ జ్యోతిలక్ష్మి పొయ్యి గోడకు కట్టిన బండ మీద ఉంది.

“బండ సుట్టు ఎట్ల తిప్పుతమే అవ్వా? గోడ పగలగొట్టాల్నా?”

“సిలిండర్ ఉన్నది గద. మంట దాంట్లకెల్లే గద వచ్చేది. గది బయటికి గుంజు.”

రాజేశ్వర్ సిలిండర్‌ను వంటింటి నడుమకు లాగాడు. సత్తవ్వ చేతికర్ర లేకుండా నడవలేదు కాబట్టి గంప పట్టుకుని తిరగాల్సింది అతనే. ఒక చుట్టు, రెండో చుట్టు. మూడో చుట్టులో చీర ముడి జారింది. లోపల్నుంచి ఒక తల వచ్చింది, తల వెనక ఒక మెడ.

ఆ మెడ మీద ఒక్క ఈక లేదు. ఎర్రగా, ముడతలు ముడతలుగా, వేన్నీళ్లలో ముంచి తీసినట్టు ఉంది. చర్మం కింద గొంతు గొట్టం పైకీ కిందికీ జరగడం కనిపిస్తోంది. సత్తవ్వ దాన్ని బోడిమెడది అని పిలుస్తుంది, గంపలోని ఐదు కోళ్లలో ఆమెకు ఇష్టమైనది అదే. రాజేశ్వర్‌కు మాత్రం అది ఎవరో సగం పీకి వదిలేసిన కోడిలా, గొలుసు మీంచి తప్పించుకుని సముద్రం దాటి తనను వెతుక్కుంటూ వచ్చిన కోడిలా కనిపించింది. గంప అతని చేతుల్లోంచి జారింది. బోడిమెడది తెల్లటి టైల్స్ మీదికి దూకి, ఒకసారి ఒళ్లు దులుపుకుని, తోక ఎత్తి, సిలిండర్ పక్కన పెద్దగా రెట్ట వేసింది.

“ఇగో, నా ఇల్లే అని ముద్రేసింది,” అని జ్యోతిలక్ష్మి నవ్వింది. సత్తవ్వ కూడా నవ్వింది. రాజేశ్వర్ స్నానాల గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. చాలాసేపు నీళ్ల చప్పుడు వినిపించింది.

రాజేశ్వర్‌ది బాల్కొండ పక్కన ఒక చిన్న ఊరు. బోరు ఎండి పసుపు మడి బీటలు వారిన ఏడు, ఏజెంటును పట్టుకుని గల్ఫ్ పోయాడు. కోళ్ల కంపెనీలో ప్యాకింగ్ పని అని ఇంట్లో చెప్పాడు. చల్లటి గది, తెల్ల కోటు, డబ్బాలకు కాగితం అంటించడం. అలాంటి ఫోటో కూడా ఒకటి పంపాడు. ఫోటో కోసం ఆ కోటు ఇంకొకరి దగ్గర అడిగి తొడుక్కున్నాడు.

అతని పని ప్యాకింగ్‌కు చాలా ముందు, గోడకు అవతల. లారీలు ప్లాస్టిక్ బుట్టలు దించే చోట. అక్కడ నీలం దీపాలు ఉండేవి. నీలం వెలుతురులో కోడికి సరిగ్గా కనపడదు, గోల చేయదు. నిద్రలోకి జారుతున్న సముద్రం అడుగులా ఉండేది ఆ గది. ఆ నీలంలో బుట్టలోకి చేయి పెట్టడం, రెండు కాళ్లూ కలిపి పట్టుకుని తీయడం, తలకిందులు చేయడం, తల పైన కదిలిపోతున్న గొలుసు కొక్కేనికి తగిలించడం. తీయడం, తిప్పడం, తగిలించడం. తలకిందులైన కోడి మొదట రెట్ట వేస్తుంది. అది అరచేతి మీంచి మోచేతికి, మోచేతి మీంచి చంకలోకి జారేది. ఈకల పొడి మూతిగుడ్డలోంచి వచ్చి నాలుక మీద మెత్తగా పరుచుకునేది. గదికి వచ్చి ముక్కు చీదితే నల్లటి జిగురు, అందులో సన్నటి నూగు. అన్నంలో ఆ వాసన. సబ్బులో ఆ వాసన. ఇంటి నుంచి ఎవరో పంపిన మామిడికాయ తొక్కులోనూ అదే వాసన. నిద్రలో అతని వేళ్లు దుప్పటిని పట్టుకుని లాగి, తిప్పి, గాలిలో దేనికో తగిలించేవి. పక్క మంచం వాడు చెప్పేదాకా అతనికి తెలియలేదు.

మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు దొంకేశ్వర్‌లో అల్లుడికి విందు చేశారు. బంతిలో అందరి ముందు పెద్ద ముక్కలు వేశారు. కాలి ముక్క, కొస దగ్గర ఇంకా పసుపు చర్మం. అతను నవ్వుతూ నోట్లో పెట్టుకున్నాడు, నవ్వుతూనే లేచి పెరట్లోకి పోయాడు. గోడ మూల వంగి కక్కుకుంటూ ఉంటే వెనక అడుగుల చప్పుడు. సత్తవ్వ. చేటలో పొయ్యి బూడిద తెచ్చి దాని మీద పోసి, కాలితో తొక్కి, చెంబుతో నీళ్లిచ్చి లోపలికి పోయింది. బంతిలో వాళ్లతో ఆమె అన్న మాట అతనికి గోడ అవతల నుంచి వినిపించింది.

“అల్లుడు ఎల్లమ్మకు మొక్కుకున్నడట, కోడి ముట్టడట. నాకన్న ముందుగాల చెప్పకపాయె. జర తోటకూర పప్పు వొండుత ఆగుండ్రి.”

అప్పటి నుంచి ఆ ఇంట్లో అతనికి తోటకూర పప్పే. లోకమంతా అది మొక్కు అనుకుంది. జ్యోతిలక్ష్మి కూడా అలాగే అనుకుంది. గల్ఫ్ వదిలి వచ్చి పసుపు డ్రమ్ము దగ్గర కుదిరి ఇన్నేళ్లయినా, సత్తవ్వ ఆ పెరటి సంగతి ఒక్కసారి ఎత్తలేదు, అదేం మొక్కు అని అడగలేదు. అలాంటి మనిషి ఒంటరిగా పెరట్లో పడి ఉంటే కోళ్లు కొంగులో నూకలు తిన్నాయి. అందుకే రమ్మను అన్నాడు.

గూడు అతనే కట్టాడు. పాత కిటికీ చెక్కలు, రెండు రేకులు. ఎక్కడా సందు లేకుండా, మేకు మేకుకూ ఆనేలా, చాలా శ్రద్ధగా కట్టాడు. వాసన బయటికి రాకూడదని ఆ శ్రద్ధ. తలుపును ప్రహరీ గోడ వైపు పెట్టాడు. వంటింటి కిటికీలోంచి చూస్తే రేకు వీపు తప్ప ఏమీ కనిపించదు.

“బీరువా లెక్కున్నది,” అంది జ్యోతిలక్ష్మి.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే రాత్రంతా మూసి ఉన్న గాలి ఒక్కసారి మీద పడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చెక్క నేల మీద రెట్టలు ఒకదాని మీద ఒకటి, కొన్ని ఎండి, కొన్ని మెరుస్తూ, ఒకదానిలో జొన్న గింజ అలాగే మొత్తంగా. మూలన ఒక గుడ్డు, దాని మీద ఎండిన నెత్తురు చార, చారకు అంటుకున్న ఈక. చెక్కల అంచు వెంట బూడిద రంగు చుక్కలు కదులుతున్నాయి. కోడిపేలు. అతని మణికట్టు మీద ఒకటి నడుస్తోంది. ఊదాడు, పోలేదు. గోకాడు, నలిగి చిన్న ఎర్ర చుక్క అయింది.

జ్యోతిలక్ష్మి అంగన్‌వాడీలో ఆయా, పొద్దున్నే పోవాలి. సత్తవ్వ వంగలేదు. గూడు ఊడవాల్సింది అతనే. తువ్వాలు మూతికి కట్టుకుని, ఊపిరి బిగబట్టి, రేకు ముక్కతో గీకాడు. గీకిన చోట అడుగు పొర ఇంకా మెత్తగా లేచి వచ్చింది. ఆ రోజు డ్రమ్ము దగ్గర మధ్యాహ్నం డబ్బా విప్పి మళ్లీ మూసేశాడు.

మూసి, కూర్చుని, డ్రమ్ము వైపు చూశాడు. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములు ఆ డ్రమ్ములో దొర్లుతూ, ఒకదాన్నొకటి రాసుకుంటూ నునుపెక్కుతాయి. రాలిన పొట్టు కింద కుప్ప పడుతుంది: పైచర్మం, వేరు పీచు, మట్టి, అన్నీ కలిసిన మెత్తటి పసుపు పొడి. ఎండాకాలం మొదట్లో ఆర్మూరు గాలి నిండా అదే. చెట్ల ఆకుల మీద, పాలగిన్నె మూత మీద, ఊరి గుట్ట నల్లరాళ్ల మీద కూడా ఒక పలచటి పచ్చదనం. ఇక్కడ పుట్టినవాడు దాన్ని మురికి అనుకోడు. గడప ముందు చీమలకు అదే చల్లుతాడు. మోరీ కాలవ కంపు కొడితే అదే పోస్తాడు. ఎద్దు గిట్ట పుండు పడితే అదే కూరుతాడు. పసుపు తాకిన చోట చెడ్డది ఉండదని ఈ ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు.

సాయంత్రం బండి మీద రెండు బస్తాల పొట్టు తెచ్చాడు. గూట్లో పాదం మునిగేలా పరిచాడు. కంపు ఒక్క దెబ్బకు పోయింది. తలుపు తీస్తే లోపలంతా బంగారు రంగు. కోళ్లు వచ్చాక అతను మొదటిసారి నిండా గాలి పీల్చాడు.

“గుడి లెక్క చేసినవు గద రాజన్న,” అన్నాడు గోడ మీంచి నడిపయ్య. “ఇగ పచ్చ గుడ్లు వెడ్తయేమో సూడు.”

వాకిట్లో కుర్చీలో ఉన్న సత్తవ్వకు గూడు వీపు తప్ప కనిపించదు. “ఏం జల్లినవు బిడ్డ?” అని అడిగింది.

“పసుపు పొట్టే అత్తమ్మ.”

“పసుపైతె మంచిదే,” అంది సత్తవ్వ.

కోడి అన్నాక కాళ్లతో గీకుతుంది. గీకితే పొడి లేచింది. సందులేని పెట్టెలో లేచిన పొడి పోవడానికి చోటు లేదు. మర్నాడు పొద్దున తలుపు తీస్తే లోపలికి పోయిన కోళ్లు పచ్చగా బయటికి వచ్చాయి, వచ్చి తుమ్మాయి. కోడి తుమ్మితే ఎలా ఉంటుందో అతను అంతకు ముందు వినలేదు. తడిసిన సైకిల్ పంపులా ఉంది. సాయంత్రానికి కళ్ల చుట్టూ పసుపు పొక్కులు కట్టి రెప్పలు అతుక్కున్నాయి. ముక్కు రంధ్రాల్లో పసుపు ముద్ద, దాన్ని తోసుకుంటూ బుడగలు. నోళ్లు తెరుచుకుని, నాలుకలు బయటపెట్టి, ఊపిరి కోసం మెడలు సాచి నిలబడ్డాయి. బోడిమెడదాని ఎర్ర మెడ లోపల ఏదో గరగరలాడటం వాకిలి దాకా వినిపించింది.

పొద్దు వాలుతుంటే గూట్లోకి తోలబోయాడు. ఒక్కటీ పోలేదు. తలుపు చూడగానే వెనక్కి తిరిగి పరుగెత్తాయి. ఒకటి అతని బండి సీటు మీద ఎక్కి కూర్చుని సీటంతా పాడు చేసింది. ఒకటి నల్లా గోడ మీద. మూడు గోడ దాటి నడిపయ్య ఇంట్లో పడ్డాయి. కాసేపటికి నడిపయ్య ఒక తెల్ల అంగీని రెండు వేళ్లతో పట్టుకుని వచ్చాడు.

“ఇగో రాజన్న. నా నౌకరిల ఎవ్వడు ఇయ్యలేదు మెడల్. మీ అత్త కోడి ఇచ్చింది.”

అంగీ జేబు మీద రెట్ట, సరిగ్గా జేబు మీదే, పసుపు అంచుతో.

సత్తవ్వ నవ్వలేదు. నల్ల కోడిని ఒళ్లో పెట్టుకుని కొంగుతో దాని ముక్కు తుడుస్తోంది. కొంగుకు జిగురు తీగలా సాగి, తెగి, ఆమె చేతి మీద పడింది. రాజేశ్వర్ మొహం తిప్పుకున్నాడు.

“ఇగ పోత బిడ్డ,” అంది సత్తవ్వ, చాలా మెల్లగా, మర్యాదగా. “నీ తప్పేం లేదు. పసుపంటె నేను గూడ మంచిదే అన్న. ఈడ గాలి వీటికి పడ్తలేదు. రేపు పొద్దుగాల బస్సుకు పోత.”

“మల్ల ఆడ పడితె ఎవలు లేపుతరే నిన్ను?” అంది జ్యోతిలక్ష్మి.

“కోళ్లున్నయి తియ్.”

“మొన్న ఏం లేపినయి? నీ కొంగుల నూకలు తిన్నయి.”

“తింటె తిన్నయి. నా నూకలే గద.”

రాజేశ్వర్ లోపలికి చూశాడు. మంచం పక్కన ఆమె బట్టల సంచి, వచ్చిన రోజు ఎలా ముడివేసి ఉందో అలాగే ఉంది. ఒక్క చీర కూడా బయటికి తీయలేదు. సత్తవ్వ ఈ ఇంట్లో ఇంకా దిగలేదు, ఆటోలోనే కూర్చుని ఉంది.

“ఒక్క పూట ఆగు అత్తమ్మ,” అన్నాడు. “ఏం జెయ్యాల్నో చెప్పు. చేస్త.”

సత్తవ్వ అతని మొహం వంక చూసి, కర్ర అందుకుని లేచింది. గూడు చుట్టూ నడిచి మొదటిసారి తలుపు ఉన్న వైపు చూసింది.

“గోడ దిక్కు మొకం పెట్టినవేంది? కోడికి మనుషులు కనవడాలె. గిన్నెల సప్పుడు ఇనవడాలె. అప్పుడే ఇల్లనుకుంటది. చీకటి పెట్టెల ఏస్తె ఏమనుకుంటది?”

రాజేశ్వర్ గూటి ముందు వంగి తలుపు బార్లా తీశాడు.

“నీకు కనవడద్దనే గద?”

“అవ్ అత్తమ్మ.”

“మరి చెప్పద్దా?” అంది ఆమె. “లోపటిదంత తియ్. ఇసుక పొయ్యి. గాలికి తొర్రలు కొట్టు. మొకం ఇటు తిప్పు.”

ఎండ ఇంకా గుట్ట మీద ఉంది. రాజేశ్వర్ చొక్కా విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, తల లోపల పెట్టాడు. పార పట్టే చోటు లేదు, చేతులతోనే తీయాలి. ఒక రాత్రిలోనే పొట్టు కింద రెట్టలు నాని, పొట్టుతో కలిసి, పచ్చటి మెత్తటి ముద్ద అయ్యాయి. ముద్ద లోపల వెచ్చగా ఉంది. అందులోకి వేళ్లు దిగాయి. అన్నిటికన్నా అసహ్యమైనది ఆ వాసనలోని పసుపు. ఇన్నేళ్లూ ముక్కుకు అడ్డం పెట్టుకుని బతికిన వాసన, ఇప్పుడు రెట్టతో కలిసి, విడదీయడానికి వీల్లేకుండా, గోళ్ల కిందికి చేరింది. ఇక డ్రమ్ము దగ్గర కూడా దాక్కోవడానికి చోటు లేదు. రెండు సార్లు తల బయటపెట్టి గోడ మూలకు పోయి కక్కాడు. రెండు సార్లూ వచ్చి మళ్లీ తల లోపల పెట్టాడు.

నడిపయ్య మిద్దె కట్టగా మిగిలిన ఇసుకను తట్టలతో ఇచ్చాడు. గూడు తిప్పడానికి ఒక చెయ్యి వేశాడు, రెండో చేత్తో ముక్కు మూసుకుని.

“మీ ఇంట్లకెల్లి దసరకు ఒక కోడి నాకు. అంగీ ఖర్చు,” అన్నాడు.

“కోసెటియి గావు గివి,” అంది సత్తవ్వ.

“అయితె గుడ్లన్న ఇయ్యి అక్క.”

రేకుకు ఉలితో తొర్రలు కొట్టాక, గూడు వంటింటి కిటికీకి ఎదురుగా నిలబడింది. ఇప్పుడు కంచం ముందు కూర్చుంటే తిన్నగా దాని నోరే కనిపిస్తుంది.

వెలుగు తగ్గింది. వెలుగు తగ్గితే కోడికి చూపు తగ్గుతుంది, పట్టుకోవడం సులువు. అది రాజేశ్వర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. బోడిమెడది బండి దగ్గర నిలబడి ఉంది. అతను వంగాడు. అతను అనుకోకముందే చేయి దానంతటదే పోయి రెండు కాళ్లూ కలిపి పట్టుకుంది, మణికట్టు తిరిగింది, కోడి తలకిందులైంది, మోచెయ్యి పైకి లేచింది. అంతా రెప్పపాటు. కోడి అరవలేదు. అతని చెయ్యి తల పైన, ఏ కొక్కెమూ లేని గాలిలో ఆగిపోయింది. రెట్ట మోచేతి మీదుగా చంకలోకి జారింది.

“గట్ల గాదు బిడ్డ,” అంది సత్తవ్వ.

“ఆడ గిట్లనే పట్టేది అత్తమ్మ,” అన్నాడు అతను చెయ్యి దించకుండానే. “తొమ్మిదేండ్లు గిదే పని. ప్యాకింగ్ గాదు. గిట్ల వట్టి గొలుసుకు తగిలిచ్చుడు. వేరే తీర్గ పట్టుడు నాకు రాదు.”

వంటింటి గుమ్మంలో జ్యోతిలక్ష్మి చెంబు పట్టుకుని నిలబడి ఉంది.

“ఎరికే,” అంది సత్తవ్వ. “ప్యాకింగ్ చేసెటోని చేతులు గావు నీయి. జర కిందికి దించు. ఒక చెయ్యి రొమ్ము కింద పెట్టు. రెక్కలు నీ రొమ్ముకు ఆనిచ్చు. గట్టిగ గాదు. పసిపిల్ల లెక్క.”

అతను దించాడు. చెయ్యి రొమ్ము కిందికి పెట్టాడు. ఈకల కింద చర్మం వేడిగా, వదులుగా, ఎముక మీద జారింది. విప్పిన ఛాతీకి రెక్కలు ఆనాయి. పేలు పాకడం తెలుస్తోంది, మెడ మీదికి, చెవి వెనక్కి. ఎర్రటి ముడతల మెడ వచ్చి అతని గడ్డం కింద, చెమట మీద అతుక్కుంది. చల్లగా, జిగటగా, మనిషి చర్మంలా ఉంది. అరచేతిలో దాని గుండె కొట్టుకుంటోంది, చాలా వేగంగా, సన్నగా. అన్ని కోళ్లు పట్టుకున్న ఆ చేతులకు కోడి గుండె ఎక్కడుంటుందో అప్పుడే తెలిసింది. తెలిసినందుకు అతనికి ఇంకా ఎక్కువ రోత పుట్టింది. ఆ నీలం గదిలో వేళ్ల నుంచి జారిపోయినవన్నీ ఒక్కొక్కటిగా అలా కొట్టుకున్నవే. పళ్లు బిగించి నడిచాడు. గూటి ముందు మోకరించి ఇసుక మీద దింపాడు. బోడిమెడది ఒకసారి తుమ్మింది. తుంపర అతని పెదవి మీద పడింది.

“గట్ల. ఇంకోటి తే,” అంది సత్తవ్వ.

మిగతావాటిని కూడా అలాగే తెచ్చాడు. అతను చివరిదాన్ని పెట్టి వచ్చేసరికి జ్యోతిలక్ష్మి బక్కెట్లో వేన్నీళ్లు, కొత్త సబ్బు పెట్టి ఉంచింది. అతను వంగితే వీపు మీద నీళ్లు పోసి, పీచుతో రుద్దుతూ అంది.

“మొక్కు గాదన్నట్టు.”

“గాదు.”

“ఎల్లమ్మకు నేను ప్రతి ఏడు కొబ్బరికాయ కొడ్తున్న, నీ మొక్కు తప్పద్దని.”

ఆమె ఇంకో చెంబు పోసింది.

గూడు తలుపు వేసి, లోపలే నీళ్లూ నూకలూ పెట్టి, బయటికి వదలకుండా ఉంచమంది సత్తవ్వ. మరగబెట్టి చల్లార్చిన నీళ్లతో పొద్దునా సాయంత్రం కళ్లు కడగాలి. కడిగింది రాజేశ్వరే. పత్తితో పొక్కులు తుడిస్తే లోపల్నుంచి చీము చుక్క, దాని వెనక గుండ్రటి నారింజ కన్ను తెరుచుకుని అతన్నే చూసేది. నల్లది బతకలేదు. ఒక పొద్దున ఇసుక మీద కాళ్లు చాపి పడి ఉంది, అప్పటికే చీమలు. రాజేశ్వర్ దాన్ని కాళ్లు పట్టుకుని ఎత్తబోయి, ఆగి, కిందినుంచి రెండు చేతులతో ఎత్తాడు. గోడ మూల గుంట తీసి, నడిపయ్య నీళ్ల పొయ్యిలోంచి బూడిద అడిగి తెచ్చి పైన పోశాడు. సత్తవ్వ కుర్చీలోంచి చూసింది. పోతానని అనలేదు, ఉంటానని కూడా అనలేదు.

అమావాస్య నాటి సాయంత్రం తలుపు తీసి వదిలాడు. కోళ్లు వాకిలంతా తిరిగాయి, తులసి కుండీ తవ్వాయి, అతని చెప్పులో ఒకటి రెట్ట వేసింది. వంటింట్లో జ్యోతిలక్ష్మి గిన్నెలు కడుగుతోంది. వెలుగు పలచబడింది. అతను కంచం ముందు కూర్చున్నాడు, కిటికీ ఎదురుగా. తోటకూర పప్పు. ఎవరూ తోలలేదు. ఒకటి గూటి మెట్టు ఎక్కింది. ఇంకొకటి. మూడోది. బోడిమెడది చివర. గుమ్మంలో నిలబడి, ఎర్ర మెడ సాచి, కిటికీలోంచి అతని కంచం వైపు చూసింది. అతని చేతిలో ముద్ద ఆగింది. ఆ పాత రోత మళ్లీ మేలుకుంది. అది పోలేదు, పోదని అతనికి తెలుసు. బోడిమెడది గొంతులో ఏదో గొణుక్కుని లోపలికి పోయింది.

గదిలోంచి సత్తవ్వ గొంతు వినిపించింది. “జ్యోతీ, ఒక మేకు కొట్టియ్యవే గోడకు. చీరలు ఏడ ఏసుకోవాలె నేను?”

జ్యోతిలక్ష్మి తడి చేతులతోనే గదిలోకి పోయింది. సంచి ముడి విప్పుతున్న చప్పుడు వచ్చింది. తర్వాత కర్ర టకటకలాడించుకుంటూ సత్తవ్వ వంటింట్లోకి వచ్చి, అతని భుజం మీదుగా చెయ్యి చాపి కిటికీ రెక్కలు దగ్గరికి వేసింది.

“నువ్వు తినంగ మూస్త,” అంది. “తిన్నంక తెరుస్త. వాటికి మనం కనవడాలె గద.”

అతను తల వంచుకుని ముద్ద మింగాడు. గోళ్ల కింద ఇంకా ఆ పసుపు ఉంది.